కంటికి ఇంపు, కాళ్లకు ముప్పు

1974లో అమెరికాలో జరిగిన క్వార్టర్ హార్స్ ప్రపంచ పోటీల్లో ‘ఇంప్రెసివ్’ అనే ఐదేళ్ల మగ గుర్రం ఛాంపియన్ అయింది. అది పరుగు పందెం కాదు, హాల్టర్ పోటీ. ఇందులో గుర్రానికి జీను వేయరు, మీద ఎవరూ ఎక్కరు. తలకు కట్టిన తాడు పట్టుకుని నాలుగడుగులు నడిపించి తెచ్చి బరిలో నిలబెడతారు. న్యాయనిర్ణేతలు చుట్టూ తిరిగి రొమ్ము వెడల్పు, తొడల కండ, మెడ తీరు, నిలబడ్డ వాటం చూసి మార్కులు వేస్తారు. ఆ లెక్కన ఇంప్రెసివ్‌కు సాటి లేదు. చర్మం కింద కండ ఎక్కడికక్కడ విడివిడిగా ఉబికి కనిపించేది. దాన్ని పెద్దగా పరుగెత్తించి కసరత్తు చేయించాల్సిన పని కూడా ఉండేది కాదు.

సహజంగానే దాని సంతానానికి గిరాకీ పెరిగింది. ఎక్కడెక్కడి నుంచో ఆడగుర్రాలను తెచ్చి దాటించారు. రెండు వేలకు పైగా పిల్లలు పుట్టాయి, వాటిలో సుమారు ముప్పై మళ్లీ ప్రపంచ ఛాంపియన్లు అయ్యాయి. ఆ పిల్లల పిల్లలతో ఇరవై ఏళ్లలో ఈ రక్తం వేలాది గుర్రాలకు పాకింది.

ఆ గుర్రాల్లో కొన్నిటికి ఒక వింత జబ్బు కనిపించేది. ఉన్నట్టుండి కండలు అదరడం మొదలయ్యేది. వెనక కాళ్లు సత్తువ తప్పి, కుక్క కూర్చున్నట్టు కూలబడేవి. కొన్నిటికి గొంతు కండరాలు పట్టేసి ఊపిరి గరగరలాడేది. గుండె ఆగి చచ్చిపోయినవీ ఉన్నాయి. కాసేపటికి తేరుకున్న గుర్రం ఏమీ జరగనట్టే మేత మేసేది కాబట్టి చాలామంది యజమానులు దాన్ని కడుపునొప్పి అనుకుని సరిపెట్టుకున్నారు.

1992లో శాస్త్రవేత్తలు అసలు కారణం పట్టుకున్నారు. కండర కణంలోకి సోడియం వెళ్లే ద్వారాన్ని నియంత్రించే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ఆ ద్వారం మూసుకోవాల్సినప్పుడు పూర్తిగా మూసుకోదు. సోడియం ఊరుతూనే ఉంటుంది, కండరం లోలోపల అదురుతూనే ఉంటుంది. పొటాషియం ఎక్కువగా ఉండే అల్ఫాల్ఫా గడ్డి లాంటివి తిన్నప్పుడో, ప్రయాణంలో బెదిరినప్పుడో అది ముదిరి పక్షవాతంలా పడగొడుతుంది. జబ్బు పేరు హెచ్‌వైపీపీ. ఆ మార్పు ఉన్న గుర్రాలన్నిటి వంశవృక్షాలూ ఒకే చోటికి, ఇంప్రెసివ్ దగ్గరికే చేరాయి.

జబ్బునూ, అందాన్నీ ఇక్కడ విడదీయలేం. కండరం పగలూ రాత్రీ తనకు తానే పని చేస్తూ ఉండటం వల్లే గుర్రం కసరత్తు లేకుండా కండ పట్టిందని నిపుణుల అంచనా. అంటే న్యాయనిర్ణేతలు ఏళ్ల తరబడి బహుమతి ఇచ్చింది, తెలియకుండానే, ఒక రోగ లక్షణానికి.

తెలిశాక అయినా వెంటనే ఆగారా అంటే, లేదు. రక్త పరీక్ష వచ్చింది, పరీక్షలో పాజిటివ్ అని తేలిన గుర్రాలు పోటీల్లో గెలుస్తూనే ఉన్నాయి. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు పొందిన పిల్లలను రిజిస్టర్ చేయబోమని అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నియమం పెట్టింది 2007లో పుట్టిన పిల్లల నుంచి మాత్రమే. ఒక్క వైపు నుంచి వచ్చినవాటికి ఇప్పటికీ అడ్డు లేదు. 2009లో వెలువడ్డ ఒక అధ్యయనంలో, మొత్తం జాతిలో కొద్ది శాతానికే ఉన్న ఈ జన్యువు హాల్టర్ పోటీల గుర్రాల్లో మాత్రం సగానికి పైగా ఉందని తేలింది. పందెపు గుర్రాల్లో, పశువులను మళ్లించే పనిగుర్రాల్లో అది అరుదు. కారణం చెప్పక్కర్లేదు, వాటి పరీక్ష నడకలోనే జరుగుతుంది.

హాల్టర్ గుర్రాల కాళ్ల సంగతి మరో కథ. బరిలో పెద్ద శరీరానికి చిన్న గిట్టలు ముచ్చటగా కనిపిస్తాయి. వెనక కాలి కీలు వంపు తగ్గి నిటారుగా ఉంటే తొడల కండ ఇంకా బాగా తెలుస్తుంది. దాంతో ఆరు వందల కిలోలు దాటిన గుర్రానికి, అంతకు ఎంతో తేలికైన గుర్రానికి సరిపోయే లాడం పట్టేంత గిట్టలు మిగిలాయి. గుర్రం అడుగు వేసిన ప్రతిసారీ గిట్ట కొద్దిగా విచ్చుకుని, కీలు కొద్దిగా వంగి దెబ్బను పంచుకోవాలి. విచ్చుకునే చోటు తగ్గి, వంగే కోణం పోయాక ఆ దెబ్బంతా గిట్ట లోపలి చిన్న ఎముకల మీద, కీళ్ల మీద పడుతుంది. నడి వయసు రాకముందే కుంటడం మొదలవుతుంది. అప్పటికి దాని పోటీల కాలం ఎలాగూ అయిపోయి ఉంటుంది కాబట్టి, ఆ కుంటు ఏ న్యాయనిర్ణేత కంటా పడదు.

మన పశువుల సంతలో ఒంగోలు జత కొనే రైతు చేసే పని దీనికి పూర్తిగా తలకిందులు. మూపురం, గంగడోలు, కొమ్ముల తీరు అతనూ చూస్తాడు, మెచ్చుకుంటాడు కూడా. కానీ బేరం మొదలయ్యేది ఎద్దును అటూ ఇటూ నడిపించాకే. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, గిట్టలు తడుముతాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. ఒంటి మీద సుడులు లెక్కపెట్టి ఇది ఇంటికి అచ్చిరాదని వదిలేసేవాళ్లూ ఉన్నారు. సుడుల శాస్త్రం మాట ఎలా ఉన్నా, నడక చూడటం మాత్రం అసలైన శాస్త్రమే. దుక్కి దున్నాల్సిన ఎద్దు కుంటితే ఆ ఏడాది సేద్యమే కుంటుతుంది. పని ఉన్నంత కాలం ఆ జాతి కాళ్లకు కాపలా ఉంటుంది. పని పోయి చూపే మిగిలినప్పుడు ఏమవుతుందో కుక్కల చరిత్ర చెబుతుంది.

బ్రిటన్‌లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆటను 1835లో చట్టం చేసి ఆపేశారు. ఆ ఆట కోసమే పెంచిన బుల్‌డాగ్‌కు అక్కడితో పని పోయింది. 1859లో న్యూకాసిల్‌లో కుక్కల ప్రదర్శన జరిగింది. 1873లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. ప్రతి జాతి ఎలా ఉండాలో కాగితం మీద రాసుకున్నారు. తల పెద్దదిగా, మూతి కురచగా ఉండాలని రాసి ఉన్న చోట, పక్కవాడి కుక్క కంటే పెద్ద తలా, ఇంకా కురచ మూతీ ఉన్న కుక్క గెలిచింది. ఎంతవరకు చాలో ఆ కాగితంలో లేదు.

ఇప్పుడు బుల్‌డాగ్ పిల్లల తలలు తల్లి కటి ఎముకల మధ్య నుంచి పట్టడమే కష్టం. బ్రిటన్‌లో 2010లో వెలువడిన సర్వే ప్రకారం బుల్‌డాగ్ కాన్పుల్లో 86 శాతం సిజేరియన్లే. అదే దేశంలో 2022లో పశువైద్యశాలల రికార్డులతో వేసిన లెక్కల్లో జాక్ రసెల్ టెరియర్ సగటున 12.7 ఏళ్లు బతుకుతుంటే, ఇంగ్లిష్ బుల్‌డాగ్ 7.4 ఏళ్లే బతుకుతోంది. ఆపరేషన్ లేకుండా ఈనలేని జాతిని జాతి అనాలా అని ఎవరైనా అడిగితే, పోటీల్లో దానికి ఇచ్చిన కప్పులు చూపించడం జవాబు కాదు.

తెలుగువాళ్లకు ఈ కథలో బాగా తెలిసిన ముఖం మాత్రం పగ్‌ది. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట ఎక్కడికి వెళ్తే అక్కడికి వచ్చిన ఆ చిన్న కుక్క దేశమంతా ముద్దుబిడ్డ అయింది. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఎందరో ‘హచ్ కుక్క కావాలి’ అని అడిగి మరీ కొనుక్కున్నారు. ముడతల ముఖం, పెద్ద కళ్లు, చుట్ట తిరిగిన తోక, నిద్రలో గురక. ఇవన్నీ ముచ్చటే, లోపల ఏం జరుగుతోందో తెలియనంత వరకు.

పగ్ ముఖంలో కురచైంది ఎముక మాత్రమే. ఆ ఎముక లోపల ఉండే మెత్తటి భాగాలు, అంటే నాలుక, అంగిలి, ముక్కు లోపలి పొరలు, ఆ మేరకు తగ్గలేదు. పెద్ద పరుపును చిన్న సంచిలో కుక్కినట్టు అవన్నీ గొంతు దారిలోకి తోసుకొచ్చి కూర్చున్నాయి. ముక్కుపుటాలు చాలా కుక్కల్లో సన్నటి గీతల్లా మిగిలాయి. ఊపిరి లోపలికి లాగిన ప్రతిసారీ పొడవైన అంగిలి గొంతుకు అడ్డం పడి గురగురమంటుంది. ఏళ్ల తరబడి అంత బలంగా లాగడం వల్ల స్వరపేటిక మృదులాస్థి కూడా క్రమంగా లోపలికి కుంగిపోవచ్చు. పడుకుంటే ఊపిరాడక కొన్ని కుక్కలు కూర్చునే కునుకు తీస్తాయి. కొన్ని నోట్లో బొమ్మ కరుచుకుని పడుకుంటాయి, నోరు తెరిచి ఉంటేనే గాలి ఆడుతుంది కాబట్టి. ఇంట్లోవాళ్లు ఆ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటారు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంటి వేడి పోగొట్టుకోవడానికి దానికున్న ప్రధాన సాధనం రొప్పడమే. రొప్పే దారే మూసుకుపోయిన కుక్కకు రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు. మామూలు కుక్క రొప్పి నిలదొక్కుకునే ఎండకు పగ్ వడదెబ్బ తిని పడిపోతుంది.

కళ్లదీ అదే తంతు. కంటిగుంట లోతు తగ్గడంతో గుడ్డు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మెడ పట్టి గట్టిగా లాగినా, చిన్న కొట్లాట జరిగినా గుడ్డు గుంటలోంచి బయటికి వచ్చేసిన కేసులు పశువైద్యులకు కొత్త కావు. ముఖం ముడతల్లో తడి నిలిచి చర్మం ఒరుస్తుంది. చుట్ట తోక ఉన్న జాతుల్లో వెన్నుపూసల ఆకారమే చెడి, కొన్నిటికి వెనక కాళ్లు చచ్చుబడతాయి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో పగ్‌ల ఆరోగ్యాన్ని మిగతా కుక్కలతో పోల్చి చూసి, ఆరోగ్యం విషయంలో పగ్‌ను ఇక మామూలు కుక్కగా లెక్కించలేమని తేల్చారు.

అదే కాలేజీ 2012లో చేసిన మరో అధ్యయనం ఇంతకంటే ఆలోచింపజేస్తుంది. ఊపిరి ఇబ్బంది ఉందని పరీక్షల్లో తేలిన కురచ మూతి కుక్కల యజమానులను, మీ కుక్కకు శ్వాస సమస్య ఉందా అని అడిగారు. సగానికి పైగా లేదనే చెప్పారు. వాళ్లేమీ అబద్ధమాడలేదు. ఆ కుక్కలు గురక పెడుతున్నాయని, నడిస్తే ఆయాసపడుతున్నాయని వాళ్లే చెప్పారు. ‘ఈ జాతి అంతేనండీ’ అన్న ఒక్క నమ్మకంతో దాన్ని జబ్బు లెక్కలోంచి తీసేశారు. ప్రేమ లేని ఇంట్లో కుక్క బాధపడితే కారణం తెలుస్తుంది. పగ్ బాధపడేది ఎక్కువగా దాన్ని ప్రాణంలా చూసుకునే ఇళ్లలోనే.

జర్మన్ షెపర్డ్ పతనం మరోలా జరిగింది. 1899లో ఈ జాతికి పునాది వేసిన మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ గొర్రెల మంద కాసే కుక్క కావాలనుకున్నాడు, రోజంతా అలవకుండా నడిచేది కావాలన్నాడు. తర్వాతి కాలంలో ప్రదర్శనలకు పెంచేవాళ్లు నడుము వెనక్కి వాలి, వెనక కాళ్లు బాగా వంగి ఉండే వాటాన్ని ఇష్టపడ్డారు. 2016లో బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో జాతిలో మేటిగా ఎంపికైన షెపర్డ్ బరిలో తడబడుతూ నడవడం టీవీలో చూసి జనం మండిపడ్డారు. దానికి ఎనిమిదేళ్ల ముందే, 2008లో, జాతి కుక్కల జబ్బుల మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఆ వివాదంతో మరుసటి ఏడాది నుంచి బీబీసీ క్రఫ్ట్స్ ప్రసారాలే మానుకుంది.

చూపుల పిచ్చి కుక్కలకే పరిమితం కాదు. ముడుచుకున్న చెవుల స్కాటిష్ ఫోల్డ్ పిల్లులన్నీ 1961లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో దొరికిన ఒక్క పిల్లి సంతతి. చెవి మడత పడేది మృదులాస్థి లోపం వల్ల. మృదులాస్థి చెవుల్లోనే ఉండదు కదా, కాళ్ల కీళ్లలోనూ ఉంటుంది. ఆ పిల్లులకు కీళ్ల నొప్పులు తప్పవు. ఇంకా వెనక్కి వెళ్తే డార్విన్ 1859 నాటి పుస్తకంలోనే, మేలైన కురచ ముక్కు టంబ్లర్ పావురాల్లో చాలా పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికి రాలేక లోపలే చచ్చిపోతాయని, పెంచేవాళ్లే పెంకు ఒలిచి బయటికి తీస్తారని చెప్పుకునేవారని రాశాడు. హైదరాబాద్ పాతబస్తీలో డాబాల మీద పావురాలు ఎగరేసేవాళ్లు దీన్ని వింటే నవ్వుతారు. వాళ్ల పందెం ఎంతసేపు ఎగిరిందన్నదాని మీదే.

తెలుగు నేల మీద దీన్ని ఇప్పుడే పట్టించుకోవాల్సిన చోటు ఒకటుంది. చిత్తూరు సీమ పుంగనూరు ఆవు సహజంగానే పొట్టి జాతి. భుజం దగ్గర ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మెట్ట ప్రాంతంలో కొద్దిపాటి మేతతో బతికి పాలిచ్చిన ఆవు అది. అంతరించే దశకు వచ్చిన జాతిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ధర లక్షల్లో పలుకుతోంది. ఇప్పుడు కొనేవాళ్లలో చాలామందికి పాడి కాదు కావాల్సింది, హాల్లో సోఫా పక్కన నిలబడే ఆవు. అందుకే ఎంత పొట్టిదైతే అంత ధర. అంతకంటే పొట్టిగా ‘మైక్రో’, ‘మినీ’ పేర్లతో ప్రత్యేకంగా జతకట్టిస్తున్నవాళ్లూ ఉన్నారు.

అమెరికా ఈ దారిలో ఒకసారి వెళ్లొచ్చింది. 1930ల నుంచి 50ల దాకా అక్కడి ప్రదర్శనల్లో హియర్‌ఫర్డ్, ఆంగస్ జాతుల్లో పొట్టి కాళ్లతో, దిమ్మెలా ఉన్న పశువులకే బహుమతులు. ఆంబోతు వీపు పక్కన నిలబడ్డ మనిషి బెల్టు ఎత్తుకు రావడమే గొప్పగా ఫొటోలు దిగేవారు. ఆ పొట్టితనం కోసం ఎంచిన ఆంబోతుల్లో చాలావాటికి మరుగుజ్జు జన్యువు ఒక కాపీ ఉండేది. ఒక కాపీ ఉంటే పశువు కాస్త గుండ్రంగా, పొందికగా కనిపిస్తుంది, అందుకే బరిలో గెలిచేది. అలాంటి ఆవునూ, ఆంబోతునూ కలిపితే పుట్టే దూడల్లో నాలుగింట ఒకదానికి రెండు కాపీలూ వచ్చేవి. ఉబ్బిన నుదురు, ముందుకొచ్చిన కింది దవడ, ఉబ్బిన పొట్ట, గురగురమనే ఊపిరి. ఆ ఊపిరి చప్పుడును బట్టే వాటికి ‘స్నార్టర్’ అని పేరు పెట్టారు. వాటిలో బతికి బట్టకట్టినవి తక్కువ. మరుగుజ్జు దూడ పుట్టిందని తెలిస్తే మంద పేరు పోతుందని కొందరు గుట్టుగా పాతిపెట్టి ఊరుకున్నారు, దాంతో జన్యువు ఇంకా పాకింది. ఏ ఆంబోతు వంశం నుంచి వస్తోందో గుర్తించి ఆ వంశాలను పక్కన పెట్టేసరికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత 1970లు, 80లలో అదే జనం ఎత్తైన పశువుల వెంట పడ్డారు. అది మరో తిక్క.

పుంగనూరులో ఆ జన్యువు ఉందని ఎవరూ అనడం లేదు. కానీ ఎత్తు ఒక్కటే చూసి దాటించే చోట, కాన్పు తేలికా, పాలూ, కీళ్లూ, దూడ బతుకూ ఎవరు రాసి పెడుతున్నారన్న ప్రశ్న మాత్రం ఉంది. కొనేవాళ్లు సెంటీమీటర్లు అడుగుతున్నారు. ఈనిన వివరాలు అడిగేవాళ్లు తక్కువ.

చెడిన జాతిని బాగుచేయడం కుదరదా అంటే, కుదిరిన కథ ఒకటుంది. మచ్చల డాల్మేషియన్ కుక్కల్లో ఒకానొక జన్యు లోపం ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ జాతిలో సరైన జన్యువు ఉన్న కుక్కే మిగల్లేదు. మూత్రంలో యూరిక్ యాసిడ్ పెరిగి రాళ్లు కట్టేవి. 1973లో అమెరికా జన్యు శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్ కుక్కతో కలిపాడు. తర్వాత ప్రతి తరంలో డాల్మేషియన్లతోనే జతకట్టిస్తూ మంచి జన్యువు ఉన్నవాటినే ఎంచుకుంటూ పోయాడు. కొన్ని తరాలకే పిల్లలు అచ్చం డాల్మేషియన్లు, మూత్రం మాత్రం మామూలు కుక్కది. అయినా జాతి ‘శుద్ధి’ పోయిందని క్లబ్బులు అభ్యంతరం చెప్పాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని పూర్తిగా ఒప్పుకున్నది 2011లో. జన్యువును సరిచేయడం కంటే జాతి పుస్తకంలో పేరు ఎక్కించడానికే ఎక్కువ కాలం పట్టిందన్నమాట.

కొన్ని దేశాలు చట్టం దాకా వెళ్లాయి. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కను దాటించడం కుదరదు. నార్వే సుప్రీంకోర్టు 2023లో కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ పెంపకం ఆ దేశ జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ జాతిలో పుర్రె మెదడుకు సరిపోయేంత ఉండదు, గుండె కవాటాలు తొందరగా చెడతాయి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో మొదలుపెట్టిన పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పశువైద్యుడు స్టెతస్కోప్‌తో కుక్క గొంతు దగ్గర ఊపిరి వింటాడు. మూడు నిమిషాలు దాన్ని చిన్న పరుగులో నడిపిస్తారు. మళ్లీ వింటాడు. సున్నా నుంచి మూడు వరకు గ్రేడ్ ఇస్తాడు, మూడు వస్తే దాన్ని పిల్లల కోసం దాటించకూడదు. కుక్కపిల్ల కొనబోయే ఎవరైనా ఇందులో సగం పని తామే చేసుకోవచ్చు. పిల్లను కాదు, దాని తల్లిని నడిపించి చూపించమనాలి. కాసేపు అటూ ఇటూ తిప్పాక దాని పక్కన కూర్చుని, టీవీ కట్టేసి, ఊపిరి వినాలి. తల్లి ఊళ్లో లేదు, ఫోన్‌లో ఫొటో ఉంది చూడండి అని అమ్మేవాడు అంటే బేరం అక్కడే వదిలేయొచ్చు.